ఫ్లాస్కు ఖాళీ అయ్యేదాకా

జూన్ 4

మరదలు పిల్లకు,

పార్సిలు బరువు చూసి బట్టలు కావని నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. లోపల నురుగు అట్టల మధ్య రెండు చిన్న కంప్యూటర్లున్నాయి. మీ క్లబ్బులో అందరూ వాడే మా పాత బోర్డును పలక అంటారు కదా, ఇది దాని తరవాతది. సైజులో సగం, పనిలో రెట్టింపు. ఆఫీసులో దీన్ని బిళ్ళ అంటున్నాం. కంప్యూటరంతా ఈ ఒక్క బోర్డు మీదే ఉంది. చేతిలో పెట్టుకుంటే పోగొట్టుకుంటానేమో అని భయం వేస్తోంది.

ఇది ఇంకా బజారులోకి రాలేదు. దీని గురించి మెయిల్లో రాయకూడదు, ఫోన్లో మాట్లాడకూడదు, ఫోటో తీయకూడదు. కాగితం గురించి రూల్సులో ఏమీ లేదు. ఈ రోజుల్లో కాగితం మీద రాసేవాళ్ళు కూడా ఉంటారని వాళ్ళకు తట్టి ఉండదు.

ఇక్కడ అందరం బాగున్నాం, నా మెడ తప్ప. మీ అన్నయ్య వంటింటి కుళాయి బాగుచేస్తానని నెల నుంచి అంటున్నారు. కుళాయి ఆయన మాట పట్టించుకోకుండా తన పని తాను చేసుకుపోతోంది.

అసలు విషయం. వచ్చే నెల మొదట్లో బిళ్ళను విడుదల చేస్తారు. ఆ వారమే దీన్ని నువ్వు మీ క్లబ్బులో పరిచయం చేయాలి. మీ క్లబ్బు మేడగది ఏమంటే మిగతా క్లబ్బులన్నీ అదే అంటాయని నాకు తెలుసు. మా డైరెక్టరు, అదే, మేం పెద్దాయన అంటామే, ఆయనకు సరదాకి బోర్డులు బిగించుకునే మీ హాబీవాళ్ళంటే పడదు. ఫ్యాక్టరీవాళ్ళు వెయ్యి బోర్డులు కొని ఒక్క ప్రశ్న కూడా అడగరట, మీరు ఒక్క బోర్డు కొని వెయ్యి ప్రశ్నలు అడుగుతారట. బిళ్ళ మీ దగ్గర నిలబడకపోతే నేనున్న హాబీ విభాగాన్నే ఎత్తేస్తానని మీటింగులో చెప్పేశారు. నన్ను రోడ్డు మీదకేం నెట్టరు, ఫ్యాక్టరీ అమ్మకాల వైపు ఒక కుర్చీ వేస్తారు. కానీ నాకు వచ్చిన పనీ, నచ్చిన పనీ ఇదొక్కటే. ఈ వయసులో ఇంకోటి నచ్చించుకునే ఓపిక లేదు.

ఒక్క జాగ్రత్త. బిళ్ళ మీద పిన్నుల వరుస చూడ్డానికి పలకలాగే ఉంటుంది కానీ, కరెంటు వచ్చే పిన్ను ఈ చివర నుంచి ఆ చివరకు మారింది. పలక మీద తొడిగే పాత బోర్డు ముక్కలు దీని మీద కూడా దర్జాగా కూర్చుంటాయి. కూర్చున్నాక కరెంటు తిరగబడి రెండూ కాలిపోతాయి. పాతవి పెట్టొద్దని చెప్పు.

నీ వదిన

జూన్ 15

వదినకు,

పార్సిలు అందింది. బట్టలనే అనుకున్నాను, ఆశ చావదు కదా.

ఉన్నమాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. పొద్దున్నించి సాయంత్రం దాకా పళ్ళ ల్యాబులో కూర్చుని ఎవరెవరివో కట్టుడు పళ్ళు అరగదీసి, ఒంటి నిండా పొడితో మెట్లెక్కి మేడగదికి వెళ్తే అక్కడ ఆరుగురుంటారు. ఒకప్పుడు కూర్చోడానికి చోటుండేది కాదు. కింద టైర్ల కొట్టువాడు రబ్బరు కాల్చినప్పుడల్లా మనమే ఏదో తగలబెట్టామని అందరం లేచి చూసుకుంటాం. బల్ల కింద మూడు పెట్టెల నిండా ఇలాంటి కొత్త బోర్డులే ఉన్నాయి. ప్రతిదీ వచ్చినప్పుడు ఇక దీన్ని మించింది లేదన్నారు. ప్రతిసారీ మేం చేసుకున్నవన్నీ విప్పి మళ్ళీ మొదటినుంచి బిగించుకున్నాం. కొత్తది వచ్చిందంటే మీకు పండగేమో, మాకు మాత్రం చాకిరీ.

ఇప్పుడు నువ్వు కూడా నాతో డప్పు కొట్టిస్తావా? సొంత వదిన పంపింది కాబట్టి బంగారం అని చెప్పాలా? నావల్ల కాదు.

మా దగ్గర పద్ధతి వేరే ఉంది, నీకు తెలియదేమో. ఒకసారి ఎవరో కంపెనీ ఆయన వచ్చి పొద్దు గూకేదాకా ఉపన్యాసం ఇచ్చి వెళ్ళాడు, బోర్డు ముట్టుకోనిస్తే ఒట్టు. ఆ దెబ్బతో రూలు పెట్టుకున్నాం. కొత్త వస్తువు తెచ్చినవాళ్ళు దాన్ని బల్ల మధ్యలో పెట్టి, పక్కన ఫ్లాస్కు నిండా టీ పెట్టి, నోరు మూసుకుని కూర్చోవాలి. ఫ్లాస్కు ఖాళీ అయ్యేదాకా ఒక్క మాట కూడా చెప్పకూడదు, అడిగినా చెప్పకూడదు. ఈలోగా ఎవరికి తోచింది వాళ్ళు చేసి చూస్తారు. మనిషి చెప్పకుండానే అర్థమయ్యే వస్తువైతే ఉంచుకుంటాం, లేకపోతే బల్ల కిందికి. నీ బిళ్ళకూ అంతే మర్యాద.

అన్నట్టు మీ విభాగంవాళ్ళకు కాస్త బుద్ధి చెప్పు. నా పలకలోంచి సౌండు రావడం లేదని మీ కంపెనీ వెబ్‌సైటులో రాస్తే, ‘ముందుగా వైరు సరిగ్గా ఉందో లేదో చూడగలరు’ అని జవాబు. వైరు చూసుకోకుండా రాస్తానా? ఈ జవాబు రాసినవాడికి బుర్ర అనేది ఉందా అని అక్కడే అందరి ముందూ రాశాను. చివరికి వైరే అనుకో. ఆ సంగతి మీవాళ్ళతో అనకు.

మరదలు

జూన్ 24

మొండిదానికి,

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, కాసేపటికి మనసు చివుక్కుమంది. నీచేత డప్పు కొట్టించుకోవాలని పంపలేదు. అబద్ధం చెప్పడం నీకు రాదనే నీకు పంపాను. అది నువ్వు ఇలా తీసుకుంటావని అనుకోలేదు.

సరే, మీ బల్ల, మీ పద్ధతి. నీకెలా తోస్తే అలాగే చెయ్యి, నేను అడ్డం రాను. వాళ్ళకు నచ్చకపోతే నచ్చలేదనే రాయి. చదువుకుని ఊరుకుంటాను.

ఇక్కడ రెండు వారాలుగా అట్టపెట్టె రంగు గురించి చర్చ నడుస్తోంది. నీలమా, ఆకుపచ్చా అని పన్నెండు మంది పెద్దవాళ్ళు తలలు పట్టుకున్నారు. పిన్నుల గురించి మాట్లాడదామని నేను రెండుసార్లు నోరు తెరిచాను. రెండోసారి ఎవరో టీ చెప్పమన్నారు. సాయంత్రమయ్యేసరికి మాట్లాడ్డానికే కాదు, ఇంటికి వెళ్ళడానికి కూడా ఓపిక ఉండడం లేదు.

మీ అన్నయ్య కుళాయి బాగుచేశారు. ఇప్పుడు కారడం లేదు. తిప్పితే రావడమూ లేదు.

జవాబులు రాసేవాళ్ళను మరీ అంత తిట్టకు. వాళ్ళకూ మెడలుంటాయి, నడుములుంటాయి.

నీ వదిన

జూలై 8

వదినా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండుసార్లు చింపేశాను. మావాళ్ళెవరో తీసి అందరికీ పంపిన వీడియో నువ్వు ఈపాటికే చూసి ఉంటావు. అయినా నా నోటితో చెప్పాలి.

నిన్న బిళ్ళను బల్ల మీద పెట్టాను. విడుదలైందని తెలిసి చాలా రోజుల తరవాత గది నిండింది. మెట్ల మీద కూడా నిలబడ్డారు. ఫ్లాస్కు పెట్టి కూర్చున్నాను. మొదట బాగానే సాగింది. క్లబ్బులో మా నర్సమ్మ దాన్ని టీవీకి తగిలించి చూస్తుండగానే తెర వెలిగింది. అందరూ ‘అబ్బో’ అన్నారు. నాకే గర్వంగా అనిపించింది, అదేదో నేనే చేసినట్టు.

రేడియో మాష్టారు నీకు తెలియదు. బాగా వయసైనవారు, ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవారు, ఇప్పుడు చెవులు వినపడవు. ఒంటరిగా ఉంటారు. ఇంట్లో తలుపు గంట మోగితే గోడ మీద లైటు వెలిగేలా ఒక ముక్క తయారుచేసి పలక మీద తొడుక్కున్నారు. ప్రతి టంకం చుక్కా ఆయన చేత్తో పెట్టిందే. బిళ్ళ మీద ఇంకా వేగంగా వెలుగుతుందేమో చూద్దామని ఆ ముక్కను గోడ నుంచి విప్పి, జేబు రుమాల్లో చుట్టుకుని తెచ్చారు.

నువ్వు రాసింది నాకు గుర్తుంది, వదినా. మరిచిపోయానని చెబితే తప్పించుకోవచ్చు, కానీ గుర్తుంది. ఫ్లాస్కులో ఇంకా టీ ఉంది. నువ్వేమో మీ పద్ధతి మీది, అడ్డం రానని రాశావు. నీ వస్తువని నేనే రూలు తప్పితే రేపు అందరూ ఏమంటారో అనుకున్నాను. ఇంతకుముందు కూడా బోర్డులు కాలాయి, నవ్వుకున్నాం. ఇదంతా ఆలోచించేలోపే ఆయన తొడిగేశారు. పొగ వచ్చింది, వాసన వచ్చింది. ఈసారి టైర్ల కొట్టు కాదు.

ఎలాగూ ఆయనకు వినపడదు, నువ్వు చెప్పినా లాభం ఉండేది కాదులే అని నర్సమ్మ ఓదార్చింది. ఆయన చెయ్యి నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. పట్టుకుంటే సరిపోయేది.

మాష్టారు కాలిపోయిన ముక్కను మళ్ళీ రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయారు.

కానీ ఒకటి అడుగుతాను. పెట్టకూడదన్నప్పుడు కూర్చోకుండా చేయొచ్చుగా? మీ విభాగంలో అంతమంది ఉండి ఒక్కరికీ తట్టలేదా?

మరదలు

జూలై 13

నీకు,

పెద్దాయన ఆ వీడియోను మీటింగులో గోడంత తెర మీద వేసి చూపించారు. పొగ దగ్గర ఆపి, మళ్ళీ వెనక్కి తిప్పి, మళ్ళీ వేశారు. ఒక మూల నువ్వు కనిపిస్తున్నావు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బొమ్మలా.

ఒక్క మాట చెప్పడానికి నీకు నోరు నొప్పి పుట్టిందా? నీకెలా తోస్తే అలా చెయ్యమన్నది పొగడ్తల గురించి. వస్తువు కాలిపోతుంటే చూస్తూ కూర్చోమని నేను రాస్తానా? నీకు బోర్డులంటే విసుగు, మా కంపెనీ అంటే చిరాకు, అదంతా ఇలా తీర్చుకున్నావేమో అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. అలా ఆలోచించినందుకు నామీద నాకే అసహ్యం వేస్తోంది. అయినా ఆ ఆలోచన పోవడం లేదు.

తట్టలేదా అని అడిగావు. తట్టింది. పిన్నుల పక్కన చిన్న బొడిపె పెడితే పాతవి కూర్చోవని నేనే చెప్పాను. అచ్చు మార్చాలి, ఆలస్యమవుతుంది, పాతవి పెట్టొద్దని రాసి ఉన్న కాగితం పెట్టెలో వేస్తే చాలన్నారు. ఆ కాగితం ఎవరూ చదవరని కూడా చెప్పాను. హాబీవాళ్ళను నెత్తికెక్కించుకున్నది నువ్వేనమ్మా అన్నారు.

వచ్చే నెలాఖరు దాకా చూసి విభాగం సంగతి తేలుస్తారట. ఇక చూడ్డానికి ఏముంది?

మాష్టారికి ఇంకో బిళ్ళ పంపుతున్నాను. ఆయన చేత్తో చేసిన ముక్కను మాత్రం నేనెక్కడి నుంచి తేను?

వదిన

ఆగస్టు 2

వదినకు,

నీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. రెండోసారి చదివితే సిగ్గేసింది. తీర్చుకోవడం లాంటిదేమీ లేదు. ఉన్నదల్లా రూలు తప్పితే నామీద మాట వస్తుందన్న భయం. తప్పు నాదే. నువ్వు క్షమించకపోయినా ఈ వాక్యం చదువు.

పోయిన వారం మాష్టారి ఇంటికి వెళ్ళాను. గంట నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను. లోపల ఆయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుండడం కిటికీలోంచి కనిపిస్తోంది. కిటికీ ముందు చేతులు ఊపితే అప్పుడు చూశారు. అంతకుముందు రోజు ఆయన చెల్లెలు వచ్చి, ఎంతసేపు నొక్కినా తియ్యకపోయేసరికి తిరిగి వెళ్ళిపోయిందట. నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఆయన నావైపు చూసి, “ఏడ్చి ఏం లాభం అమ్మాయ్? టంకం కడ్డీ ఉందా లేదా చెప్పు,” అన్నారు.

ఇద్దరం కూర్చుని, కాలిన ముక్కకు బదులు అలాంటిదే ఇంకోటి మళ్ళీ టంకం పెట్టాం. బిళ్ళకూ అలాంటి పాత ముక్కకూ మధ్య ఇంకో ముక్క ఉంటే, కరెంటును అదే దారి మళ్ళిస్తుందని ఆయన గీసి చూపించారు. మరి దాన్ని కూడా తిరగేసి పెడితేనో అన్నాను. అది మాత్రం నాకు తట్టింది. ల్యాబులో కట్టుడు పళ్ళ చిగుళ్ళకు వాడే గులాబీ రంగు రెసిన్ ఉంటుంది. పంటి అచ్చు తీసినట్టే బిళ్ళ అంచుకు మైనంతో అచ్చు తీసి, ఆ రెసిన్‌తో మధ్య ముక్కకు ఒక గూడు పోశాను. తిన్నగా పెడితేనే కూర్చుంటుంది, తిరగేస్తే చచ్చినా కూర్చోదు. చూడ్డానికి మాత్రం ఎవరిదో చిగురు ఊడిపడినట్టుంది. నర్సమ్మ దాన్ని చేత్తో ముట్టనంది.

మాష్టారి గోడ మీద లైటు మళ్ళీ వెలుగుతోంది. ఆ గులాబీ ముక్క కొలతలన్నీ అందరికీ కనిపించేలా పెట్టాం, ఎవరు కావాలంటే వాళ్ళు చేసుకోవచ్చు. అన్ని క్లబ్బులవాళ్ళూ చేసుకుంటున్నారు. బిళ్ళ బాగుందని రాస్తున్నారు. మా దగ్గర కూడా బల్ల కిందికి పోలేదు, బల్ల మీదే ఉంది.

ఇక మీ విభాగం నిలబడినట్టే కదా? పెద్దాయనకు చూపించు. మీవాళ్ళందరికీ నా తరఫున చెప్పు, ఆ మధ్య తిట్టినందుకు ఏమీ అనుకోవద్దని.

మరదలు

ఆగస్టు 20

మరదలు పిల్లకు,

నీ వాక్యం చదివాను. కోపం ఎప్పుడో పోయింది. కోపానికి కూడా ఓపిక కావాలి కదా.

గులాబీ ముక్కను మీటింగుకు తీసుకెళ్ళాను. పెద్దాయన దాన్ని వేళ్ళతో తిప్పి తిప్పి చూశారు. చాలా మెచ్చుకున్నారు. ఫ్యాక్టరీలకు పంపే పెట్టెల్లో అలాంటిదే ఒకటి వేయమన్నారు. నేను లోపల పొంగిపోతున్నాను. అప్పుడన్నారు: “చూశారా, వాళ్ళ తిప్పలు వాళ్ళే పడుతున్నారు. మనం పట్టించుకోకపోతేనే బ్రహ్మాండంగా చేసుకుంటున్నారు. ఇక వాళ్ళకో విభాగం దేనికి?”

అందరూ తలలూపారు. నేనూ ఊపానేమో, గుర్తు లేదు.

బోర్డుకేం కాలేదు, బాగా అమ్ముడవుతోంది. విభాగం మాత్రం నెలాఖరుతో మూత. వచ్చే నెల నుంచి నేను నాలుగో అంతస్తులో ఫ్యాక్టరీ ఆర్డర్లు చూడాలి. అక్కడ ఎవరూ ఏమీ అడగరట. హాయిగా ఉంటుందని అందరూ అభినందిస్తున్నారు.

నీకొకటి చెప్పాలి. నువ్వు ప్రతి ఉత్తరంలో మీవాళ్ళు, మీ విభాగంలో అంతమంది అని రాస్తున్నావు. ఇన్నాళ్ళూ దిద్దలేదు. మొదట్లో ముగ్గురం ఉండేవాళ్ళం. ఒకామెను వేరే చోటికి మార్చారు, ఇంకొకాయన తనే వెళ్ళిపోయాడు. ఆరేళ్ళుగా మావాళ్ళంటే నేనే. మెట్ల కింద ఒక బల్ల, ఒక కుర్చీ. మీరు రాసే ప్రశ్నలన్నీ నా దగ్గరికే వస్తాయి. ఆఫీసులో పూర్తికాకపోతే ఇంటికి తెచ్చుకుని, కూర పొయ్యి మీద పెట్టి జవాబులు రాసేదాన్ని. వైరు చూడమన్నది నేనే. బుర్ర ఉందా అని నువ్వు అడిగినప్పుడు మీ అన్నయ్య పక్కనే ఉన్నారు. “ఎవరు, మా చెల్లాయేనా?” అన్నారు. పేరు మార్చి రాసినా నీ తిట్టు ఎవరికి తెలియదు? నవ్వుకున్నాం. ఆ రోజు బాగుండింది.

మీకు చెబితే తేలికైపోతానని చెప్పలేదు. కంపెనీలో పెద్ద విభాగం ఒకటి మిమ్మల్ని చూసుకుంటోందని మీరు అనుకుంటే మీకు ధైర్యం, నాకూ మర్యాద అనుకున్నాను. అంతకంటే ఏమీ లేదు. పుస్తకాలు, కప్పు సర్దుకున్నాను. ఒక సంచీ కూడా నిండలేదు. చాలా అలసిపోయాను.

నీ వదిన

ఆగస్టు 28

వదినా,

నీ ఉత్తరం ల్యాబులో, చేతుల నిండా మైనంతో చదివాను. తరవాత ఏ పన్ను ఎక్కడ పెట్టానో నాకే తెలియదు. ఎవరికి తేడా వస్తుందో పాపం.

నాకు చాలా బాధగా ఉంది. మన ఇంటి మనిషినే ఇన్నేళ్ళు ఒక కంపెనీ అనుకుని తిట్టాను.

ఆదివారం మేడగదిలో చెప్పాను. విభాగం మూసేశారన్నాను. అందరూ పెద్దాయన్ని తిట్టారు, పెద్ద కంపెనీలన్నీ ఇంతేనన్నారు. అప్పుడు చెప్పాను, ఆ విభాగమంటే ఒక్క మనిషేనని, ఆవిడ మా వదినని, చాలా అలిసిపోయానని రాసిందని. నర్సమ్మ తన ఫోన్ తీసి, తను అడిగిన ప్రశ్నలూ వచ్చిన జవాబులూ పైకి జరుపుకుంటూ చాలాసేపు చూసింది. “ఇవన్నీ ఆవిడేనా? నా పిల్ల జ్వరం తగ్గిందా అని కూడా అడిగింది ఒకచోట. మిషనేమో అనుకున్నాను,” అంది.

మాష్టారికి వినపడలేదు కదా, కాగితం మీద రాసి చూపించాను. చదివి కళ్ళజోడు తీశారు.

తరవాత అందరికీ ఒకేసారి ఉత్సాహం వచ్చింది. ఆవిడ ఇంటి నుంచే మనకు జవాబులు రాస్తే సరి, మనమే ఒక విభాగం పెట్టేద్దాం, ఆవిడ్నే అడుగుదాం అని ఒకరి మీద ఒకరు చెప్పుకుపోతున్నారు. నేనూ సరేనన్నాను, అప్పుడే నీకు ఏమని రాయాలో మనసులో కూర్చుకుంటున్నాను. ఏమంటున్నారని మాష్టారు అడిగితే అదీ రాసి చూపించాను.

ఆయన బల్ల మీద చెయ్యి చరిచారు. వినపడదు కాబట్టి ఆయన గొంతు ఎప్పుడూ పెద్దదే. “ఆవిడ అలిసిపోయిందని చెబుతుంటే, ఇంకా పని చెప్పే మాటేనా మీకు? ఆ మాట ఒక్కరికీ వినపడలేదా?” అన్నారు.

ఎవరం తల ఎత్తలేదు, వదినా. నేను అసలే ఎత్తలేదు.

ల్యాబులో సెలవు అడిగాను, ఇచ్చారు. శనివారం పొద్దున బస్సుకు వస్తున్నాను, వారం ఉంటాను. బోర్డులేవీ తేవడం లేదు. నేను వస్తున్నానని లేచి ఇల్లు సర్దడం, వంట చేయడం ఏమీ పెట్టుకోకు. తలుపు అన్నయ్య తీస్తాడు. నువ్వు పడుకో.

నీ మరదలు